అంచుపై వ్రాసిన పేరు

ఇంగ్లండు దేశమున అంగడివాడు తిరిగి యిచ్చిన చిల్లరను లెక్క చూచుకొని సంచిలో వేసికొనుట అందరును చేయు పనియే. కాని అచ్చట కొందరు లెక్క ముగిసిన తరువాత గూడ ఒక్కొక్క నాణెమును వ్రేళ్ళ నడుమ త్రిప్పి బొమ్మ చూతురు, బొరుసు చూతురు, కడపట అంచును చూతురు. వారు లోభులు కారు; నాణెములను సేకరించువారు. పనికి పోవుచు, అంగడికి పోవుచు, ఎన్నడో ఒకనాడు కోరిన నాణెము తమ చేతిలో పడునని వారు ఎదురు చూచుచుందురు. అట్లు వెదకబడు వానిలో రెండు పౌనుల నాణెము ఒకటి కలదు. దానిపై యుద్ధము గెలిచిన సేనాపతి లేడు; కోట లేదు; ఓడ లేదు. మెలి తిరిగిన నిచ్చెన వంటి బొమ్మ మాత్రమే యున్నది.

ఆ దేశమున రెండు పౌనుల నాణెము 1998వ సంవత్సరమున జూన్ నెలలో సామాన్యమైన వాడుకలోనికి వచ్చెను. దాని బరువు 12 గ్రాములు, అడ్డుకొలత 28.4 మిల్లీమీటర్లు. వెలుపలి వలయము రాగి, తుత్తునాగము, నికెల్ కలిసిన పసుపువన్నె లోహము. లోపలి బిళ్ళ రాగి, నికెల్ కలిసిన తెల్లని లోహము. చూచుటకు వెండి బిళ్ళకు బంగారు కట్టు వేసినట్లుండును గాని అందు వెండియు లేదు, బంగారమును లేదు. 2015 వరకు ముద్రింపబడిన సాధారణ నాణెములపై, ఇనుపయుగము మొదలు నేటివరకు మానవుని పనిముట్లు పెరిగిన విధము వలయములుగా చెక్కబడియున్నది. ఆ వలయములలో ఒకదానియందు పండ్ల చక్రములు ఒకదానితో నొకటి కలిసి తిరుగుచున్నట్లు చూపబడినవి. అవి పందొమ్మిది. ప్రక్కప్రక్కనున్న చక్రములు ఎదురెదురు దిక్కులకు తిరుగవలెను గదా! బేసి సంఖ్యగల చక్రములను వలయముగా కూర్చినచో ఏ యొక్కటియు కదలదు. కాగితముపై మూడు చక్రములను గీచి చూచినను ఈ సంగతి తెలియును. యంత్రముల గొప్పదనమును చాటుటకు ముద్రించిన నాణెముపై తిరుగని యంత్రము నిలిచిపోయినది.

నిచ్చెన బొమ్మ గల నాణెము ఇట్టిది కాదు. అది 2003లో ఒక శాస్త్రవిజయమునకు ఏబది సంవత్సరములు నిండిన సందర్భమున వెలువడినది. దాని బొమ్మను గీచినవాడు జాన్ మిల్స్ అను శిల్పి.

కేంబ్రిడ్జి పట్టణమున రొట్టెల దుకాణములో ఒక బాలికకు అట్టి నాణెము చిల్లరగా వచ్చినదని అనుకొనవచ్చును. బొమ్మ వైపు ఎలిజబెత్ రాణి ముఖము కలదు. ఆ రాణి కాలపు నాణెములన్నిటికిని అది సామాన్యమే. బొరుసు వైపు త్రిప్పగా రెండు పోగులు ఒకదాని నొకటి చుట్టుకొని పోవుచున్నవి; వాని నడుమ మెట్ల వంటి గీతలున్నవి. చుట్టును ‘డి.ఎన్.ఏ. డబుల్ హెలిక్స్’ అను మాటలును, 1953, 2003 అను సంవత్సరములును, నాణెము విలువయు కలవు. ఇంతవరకు ఒక శాస్త్రజ్ఞుని పేరైనను లేదు. అంచును మెల్లగా త్రిప్పుచు అక్షరములను కూడబలుకుకొనగా ఒక పొడవైన పేరు వచ్చును: డీఆక్సీరైబోన్యూక్లియిక్ ఆసిడ్. ఇదియు మనుష్యుని పేరు కాదు, ఒక పదార్థము పేరు. డి.ఎన్.ఏ. అనునది దానికే పొట్టిపేరు. ఈ విజయమును సాధించినవారెవరు? నాణెమునకు రెండు ముఖములును ఒక అంచును ఉన్నవి. మూడింటిలో ఎచ్చటను ఆ ప్రశ్నకు సమాధానము లేదు.

ఇట్టి నాణెములు ఎన్ని? వాడుకకై ముద్రింపబడినవి 42,99,000. ఇది పెద్ద సంఖ్యగా తోచును గాని ఆ దేశమున చేతులు మారుచున్న రెండు పౌనుల నాణెములు కోట్లకొలదిగా నున్నవి. వానిలో కలిసిపోయిన నలువది మూడు లక్షలు వెదకిన గాని కనబడవు. అయినను ఇది మిక్కిలి అరుదైన నాణెమని చెప్పరాదు. 2002లో మాంచెస్టరు నగరమున జరిగిన కామన్‌వెల్త్ క్రీడల స్మారక నాణెములలో ఉత్తర ఐర్లండు పతాక గలవి 4,85,500 మాత్రమే వాడుకలోనికి వచ్చినవి. సేకరించువారు దానికే ఎక్కువ వెల పెట్టుదురు. నిచ్చెన నాణెమును కోరువారు దాని అరుదుతనమును బట్టి కోరుట లేదు. ఆ బొమ్మను పాఠశాలలో చూచినవారు, వైద్యము చదివినవారు, జీవశాస్త్రము బోధించువారు దానిని చిల్లరలో చూడగానే గుర్తించి ప్రక్కన పెట్టుకొందురు.

ఇచ్చట వెదకువారు మోసపోవుటకు ఒక దారి యున్నది. రాణి ముఖమును పైకి పెట్టి చూచినపుడు కొన్ని నాణెముల అంచుపై అక్షరములు నిటారుగ నుండును; మరి కొన్నిటిపై తలక్రిందులుగ నుండును. తలక్రిందులైనది టంకశాల పొరపాటనియు, అట్టిది దొరకుట దుర్లభమనియు చెప్పి కొందరు ఎక్కువ వెల అడుగుదురు. నిజమునకు అది పొరపాటు కాదు. అంచుపై అక్షరములు వేయు పని వేరు, బొమ్మ బొరుసులు ముద్రించు పని వేరు. అక్షరములు వేసిన బిళ్ళ అచ్చు క్రిందికి ఏ ప్రక్క పైకి పెట్టుకొని వచ్చునో ఎవరును చూడరు. కావున సగము నాణెములు ఒక విధముగను, సగము మరియొక విధముగను ఉండుట సహజమే. ఈ చిన్న సంగతి తెలియనివారే దానిని వెల పోసి కొందురు.

అంచుపై ఏదైన ముద్ర వేయు ఆచారము ఊరక వచ్చినది కాదు. వెండి నాణెములు చెల్లుచున్న కాలమున దొంగలు వాని అంచులను కొద్దికొద్దిగా కత్తిరించి, వెండిని కూడబెట్టుకొని, తరిగిన నాణెమును మరల చెల్లించెడివారు. అంచుపై గీతలో అక్షరములో ఉన్నచో ఆ కత్తిరింపు వెంటనే బయటపడును. ఇంగ్లండు టంకశాలలో ఈ విషయమున పట్టుదలతో పనిచేసినవారిలో ఐజాక్ న్యూటన్ ఒకడు. గురుత్వాకర్షణ సూత్రమును చెప్పిన ఆ మహాశాస్త్రజ్ఞుడు 1696లో టంకశాల ఉద్యోగమున చేరి, 1699లో దాని అధిపతియై, 1727లో మరణించు వరకు ఆ పదవియందే యుండెను. దొంగనాణెములు చేయువారిని పట్టి శిక్షింపజేయుటలో ఆయన చూపిన శ్రద్ధ ప్రయోగములలో చూపిన శ్రద్ధకు తీసిపోదు. పందొమ్మిది చక్రముల సాధారణ నాణెము అంచుపై నున్న మాటలు ఆయన ఒక లేఖలో వాడినవే. మహాకాయుల భుజములపై నిలిచి చూచుట అని ఆ మాటల భావము. ఒకడు దూరము చూడగలిగినచో అది వానికి ముందున్నవారు మోసినందువలననే యని న్యూటన్ ఉద్దేశ్యము. నిచ్చెన నాణెము అంచుపై ఆ మాటలకు బదులు పదార్థము పేరు వేసిరి. కాని ఆ నిచ్చెన కథను తెలిసికొనుటకు న్యూటన్ మాటలు కూడ గుర్తుంచుకొనవలెను.

ఈ పదార్థమును మొదట కనుగొన్నవాడు ఫ్రీడ్రిక్ మీషర్ అను స్విట్జర్లండు దేశీయుడు. 1869లో జర్మనీ యందలి ట్యూబింగెన్ నగరమున, వైద్యశాలలో పారవేయు చీముపట్టిన కట్టుగుడ్డలను తెప్పించుకొని, వాని నుండి కణములను వేరుచేసి, కణము నడుమనున్న కేంద్రకమునుండి ఆతడు దీనిని తీసెను. ఆ గుడ్డలను ముట్టుటకే ఇతరులు అసహ్యపడి యుందురు. దీని పని యేమో చాలకాలము తెలియరాలేదు. 1944లో అమెరికాలో ఏవరీ, మెక్లాయిడ్, మెకార్టీ అను మువ్వురు సూక్ష్మజీవులపై ప్రయోగములు చేసి, ఒక జాతి లక్షణములను మరియొక జాతికి అందించునది డి.ఎన్.ఏ. యేనని చూపిరి. తల్లిదండ్రుల పోలికలు బిడ్డకు వచ్చుట, మామిడి టెంకనుండి మామిడియే మొలచుట ఈ పదార్థము మూలముననే యన్నమాట. కాని అంత పనిని అది ఎట్లు చేయుచున్నది? దాని ఆకారము తెలిసిననే గాని అది తెలియదు.

ఆ ఆకారమును తెలిసికొనుటకు పూనుకొన్న స్థలములలో లండను నగరమునందలి కింగ్స్ కళాశాల ఒకటి. 1951 జనవరిలో అచ్చటికి రోజలిండ్ ఫ్రాంక్లిన్ అను శాస్త్రజ్ఞురాలు వచ్చెను. అప్పటికి ఆమె వయస్సు ముప్పది. అంతకు ముందు ఆమె పారిస్ నగరమున బొగ్గును, కర్బనమును ఎక్స్ కిరణములతో పరిశీలించి పేరు తెచ్చుకొనెను. కింగ్స్ కళాశాలలో మారిస్ విల్కిన్స్ అంతకుముందే డి.ఎన్.ఏ. పై పని చేయుచుండెను. పెద్దలు ఎవరి పని యేదియో తేటగా చెప్పకపోవుటచే ఇద్దరి నడుమ మొదటి నుండియు పొరపొచ్చెములు కలిగినవి. ఆమె తన సహాయకురాలని ఆయన తలచెను. ఆ పని తనకే అప్పగింపబడినదని ఆమె తలచెను. ఇందు తప్పు ఇద్దరిది అనుటకంటె పని పంచి యిచ్చినవారిది అనుటయే న్యాయము.

ఎక్స్ కిరణములతో ఆకారమును తెలిసికొను విధము వింతగా తోచును గాని దాని పోలిక ఒకటి ఇంటనే చూడవచ్చును. రాత్రివేళ సన్నని నేతగల గొడుగు గుడ్డను కంటికి దగ్గరగా పట్టి దూరపు వీధిదీపమును చూచినచో, దీపము ఒక్క చుక్కగా కాక అడ్డముగను నిలువుగను చుక్కల వరుసలుగా కనబడును. ఆ చుక్కలు దీపమునందు లేవు. గుడ్డ నేతయే వానిని కలిగించుచున్నది. చుక్కల ఎడమును బట్టి నూలుపోగుల ఎడమును లెక్కింపవచ్చును. ఇట్లే ఒక పదార్థము గుండ ఎక్స్ కిరణములను పంపి, అవతల ఛాయాచిత్రపు ఫలకముపై పడిన చుక్కలను బట్టి ఆ పదార్థములో పరమాణువుల కూర్పును లెక్కింపవచ్చును. అయితే చుక్కలనుండి కూర్పును రాబట్టు గణితము మిక్కిలి శ్రమతో కూడినది.

ఫ్రాంక్లిన్ మొదట చేసిన గొప్ప పని తేమను అదుపులో పెట్టుట. స్విట్జర్లండునుండి సిగ్నర్ అను ఆచార్యుడు తెచ్చియిచ్చిన మేలైన డి.ఎన్.ఏ. ను వెండ్రుకకంటె సన్నని దారముగా లాగి, దాని చుట్టు గాలిలో తేమను పెంచుచు తగ్గించుచు చూడగా, అది రెండు రూపములు పొందుచున్నదని తేలెను. ఆరినపుడు ఒకటి, తడిసినపుడు ఒకటి. అంతకు ముందు ఈ రెండును కలిసిన చిత్రములు వచ్చుటచే ఎవరికిని అర్థము కాలేదు. 1952 మే నెలలో ఆమె పర్యవేక్షణ క్రింద ఆమె శిష్యుడు రేమండ్ గోస్లింగ్ తడిరూపపు చిత్రము నొకదానిని తీసెను. ఎక్స్ కిరణములు రెండు దినములకు పైగా పడిన పిమ్మట ఆ ఫలకముపై నల్లని చుక్కలు రెండు వాలు వరుసలుగా ఒకదాని నొకటి ఖండించుచు చక్కగా పడినవి. అట్టి గుర్తు మెలి తిరిగిన ఆకారమునకే వచ్చును. ఆ చిత్రమునకు వారు పెట్టిన సంఖ్య 51. పిమ్మట అది ఆ సంఖ్యతోనే లోకమున ప్రసిద్ధి చెందెను.

కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ అను ఇద్దరు ఇదే ప్రశ్నను మరియొక దారిని పట్టిరి. వారు చిత్రములు తీయలేదు. లోహపు రేకులతోను కడ్డీలతోను ఆకృతిని నిర్మించి, తెలిసిన సంగతులన్నిటికిని అది సరిపోవునేమో చూచుట వారి పద్ధతి. 1951 చివర వారు మూడు పోగుల ఆకృతి నొకదానిని నిర్మించి కింగ్స్ కళాశాల వారిని పిలిచిరి. ఫ్రాంక్లిన్ దానిని చూచిన వెంటనే, ఇందు నీటికి చోటు చాలదనియు, లోపల పెట్టిన ఫాస్ఫేటులు వెలుపల నుండవలెననియు చెప్పెను. ఆ ఆకృతి అంతటితో మూలబడెను. పై అధికారి ఆ పని మానుమని వారిని ఆజ్ఞాపించెను కూడ.

1953 జనవరి చివర వాట్సన్ లండనుకు పోయినపుడు విల్కిన్స్ ఆయనకు 51వ చిత్రమును చూపెను. ఈ సంగతి ఫ్రాంక్లిన్‌కు తెలియదు. ఆమె కొలతలు గల ఒక నివేదికయు కేంబ్రిడ్జి వారికి అందినది. అదియు ఆమెను అడిగి యిచ్చినది కాదు. ఆ నివేదిక రహస్యమైనది కాదనుట నిజమే. అయినను తన కొలతలపై ఇతరులు కట్టడము లేపుచున్నారని ఆమెకు ఒక్క మాట చెప్పియుండవలసినది.

మరల పని సాగెను. డి.ఎన్.ఏ. లో నాలుగు క్షారములున్నవి: అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడెనిన్ ఎంత యుండునో థైమిన్ అంతయే యుండుననియు, గ్వానిన్ ఎంత యుండునో సైటోసిన్ అంతయే యుండుననియు ఎర్విన్ చార్గాఫ్ అంతకు ముందే కొలిచి చూపియుండెను. ఎందుకట్లుండవలెనో ఎవరికిని తెలియదు. 1953 ఫిబ్రవరి 28వ తేదీ ఉదయమున వాట్సన్ అట్టముక్కలను క్షారముల ఆకారమున కత్తిరించి బల్లపై అటునిటు జరుపుచుండగా, అడెనిన్ థైమిన్‌ల జత, గ్వానిన్ సైటోసిన్‌ల జత ఒకే పొడవుగ నుండుట కనబడెను. నిచ్చెన మెట్లు దొరకినవి! చార్గాఫ్ లెక్కలకు కారణమును దొరకెను. ఆ మధ్యాహ్నము క్రిక్ దగ్గరనున్న ఈగిల్ అను పానశాలలోనికి పోయి, జీవరహస్యమును కనుగొంటిమని అందరును వినునట్లు చెప్పెనని వాట్సన్ పిమ్మట వ్రాసెను.

ఆ నిచ్చెన కొలతలు చిత్రముగా నుండును. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో ఒక భాగము నానోమీటరు. నిచ్చెన వెడల్పు రెండు నానోమీటర్లు. అది ఒక్క చుట్టు తిరుగుటకు పట్టు ఎత్తు 3.4 నానోమీటర్లు, అందులో పది మెట్లు. ఇంత సన్ననిదైనను, మనుష్యుని ఒక్క కణములోని నిచ్చెనలన్నిటిని విప్పి కొసకు కొస చేర్చినచో రెండు మీటర్ల పొడవుండును. అన్నిటికంటె ముఖ్యమైనది జతకట్టు నియమము. రెండు పోగులను విడదీసినచో, ఒక్కొక్క పోగు తనకు తగిన రెండవ పోగును తానే కూర్చుకొనగలదు. అడెనిన్ ఎదుట థైమిన్ తప్ప మరియొకటి నిలువదు గదా! ఒక కణము రెండగునప్పుడు రెండింటికిని ఒకే వ్రాత అందుట ఇందువలననే.

ఈ మెట్లలో ఒకటియైన థైమిన్ శరీరములో తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. ఆ ఆమ్లమును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లో, నిచ్చెన ఆకారము తెలియుటకు అయిదేండ్లు ముందుగనే, మరణించెను. బ్రతికియున్నన్నాళ్ళు ఆయన పేరు స్వదేశమున కొద్దిమందికే తెలియును. భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలా బిళ్ళను విడుదల చేసినది 1995లో, శతజయంతి నాటికి.

1953 ఏప్రిల్ 25వ తేదీ నేచర్ పత్రికలో డి.ఎన్.ఏ. ను గూర్చి మూడు వ్యాసములు వెంటవెంట వెలువడినవి. మొదటిది వాట్సన్, క్రిక్‌లది. అది ఒక్క పుటకు కొంచెము మించినది. అందలి నిచ్చెన చిత్రమును గీచినది క్రిక్ భార్య ఓడీల్. రెండవది విల్కిన్స్ మొదలైనవారిది. మూడవది ఫ్రాంక్లిన్, గోస్లింగ్‌లది. 51వ చిత్రము అందు ప్రకటింపబడెను. వ్యాసముల వరుసను చూచినవారికి, ముందు ఆకృతి పుట్టినదనియు, దానిని బలపరచుటకు పిమ్మట చిత్రము తీయబడినదనియు తోచును. జరిగినది అట్లు కాదు. మొదటి వ్యాసము చివర, లండను వారి ప్రచురింపబడని ఫలితములు తమకు కొంత ప్రేరణ నిచ్చినవని చెప్పిన మాట కలదు గాని అది ఎంత ఋణమునకు రసీదో చదువరికి తెలియదు.

ఫ్రాంక్లిన్ ఆ మార్చి నెలలోనే కింగ్స్ కళాశాలను విడిచి బిర్క్‌బెక్ కళాశాలకు పోయెను. మార్చి 17వ తేదీ వేసిన ఆమె వ్యాసపు చిత్తుప్రతి యొకటి పిమ్మట బయటపడెను. డి.ఎన్.ఏ. రెండు పోగుల మెలిక యని, ఫాస్ఫేటులు వెలుపల నున్నవని అప్పటికే ఆమె నిర్ణయించుకొనెను. మిగిలినది క్షారముల జత యొక్కటియే. క్రొత్త చోట ఆమె పొగాకు మొక్కలకు తెగులు కలిగించు వైరసుల ఆకారమును పరిశోధించి మరల పేరు పొందెను. 1958 ఏప్రిల్ 16వ తేదీన కాన్సరు వ్యాధిచే మరణించెను. అప్పటికి ఆమె వయస్సు ముప్పదియేడు.

నాలుగేండ్ల పిమ్మట, 1962లో, క్రిక్, వాట్సన్, విల్కిన్స్ మువ్వురికిని నోబెల్ బహుమానము వచ్చెను. ఆ బహుమానమును నలుగురికి పంచిన ఆచారము లేదు. మరణించినవారిని దానికి ఎన్నుకొను ఆచారమును లేదు. 1968లో వాట్సన్ ‘ద డబుల్ హెలిక్స్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు ఫ్రాంక్లిన్‌ను కోపిష్ఠిగను, తన చిత్రముల విలువను తానెరుగనిదానిగను చూపెను. ఆమె సమాధానము చెప్పుటకు లేదు. ఆమె మిత్రురాలు ఆన్ సేయర్ 1975లో వేరొక గ్రంథము వ్రాసి ఆమె పక్షమును లోకమునకు చెప్పెను. ఆమెతో బిర్క్‌బెక్‌లో పనిచేసిన ఆరన్ క్లూగ్ ఆమె పుస్తకములలోని లెక్కలను పరిశీలించి ఆమె గమ్యమునకు ఎంత దగ్గరగా వచ్చెనో వెల్లడించెను. 2023లో ఇద్దరు చరిత్రకారులు పాతలేఖలను వెదకి, ఆమె మోసపోయిన అమాయకురాలు కాదనియు, నలుగురిలో సమానముగా పాలు పంచుకొన్న శాస్త్రజ్ఞురాలనియు నేచర్ పత్రికలోనే వ్రాసిరి. చిత్రము అపహరింపబడినదను కథకంటె ఈ మాటయే ఆమెకు ఎక్కువ గౌరవము నిచ్చుచున్నది.

నిచ్చెన నాణెము వెలువడిన 2003లోనే ఈగిల్ పానశాల గోడపై ఒక ఫలకమును ఉంచిరి. దానిపై క్రిక్, వాట్సన్ అను రెండు పేర్లు మాత్రమే చెక్కబడెను. కొన్నేండ్లకు ఎవరో ఆ పేర్ల ప్రక్కన ఫ్రాంక్లిన్ పేరును చేతితో చేర్చి వ్రాసిరి. గోడలపై వ్రాయుట మంచి పని కాదు. అయినను ఆ వ్రాతను చూచినవారు చాలమంది నవ్వి, తలయూచి పోయియుందురు. 2023లో ఆ పానశాలలో క్రొత్త ఫలకము వచ్చెను. అందు ఆమె పేరు చేరెను.

దీనితో పోల్చినపుడు నాణెము తెలివిగా నడచుకొన్నదనవలెను. అది ఇద్దరి పేర్లను వేసి ఇతరులను విడువలేదు. నాణెము ముద్రింపబడిననాటికి వాట్సన్, క్రిక్, విల్కిన్స్ మువ్వురును జీవించియుండిరి. మరుసటి సంవత్సరమే, 2004లో, క్రిక్, విల్కిన్స్ ఇద్దరును మరణించిరి. ఫ్రాంక్లిన్ పోయి అప్పటికే నలువది యైదేండ్లు. ఎవరి పేరును లేని ఆ నాణెముపై నలుగురికిని సమానమైన చోటే దొరకినది. మీషరుకు, ఏవరీకి, చార్గాఫుకు, చిత్రము తీసిన గోస్లింగుకు కూడ అంతే.

ఆమె పేరుతో నాణెమే వెలువడలేదా యనగా, వెలువడినది. 1920 జూలై 25న జన్మించిన ఫ్రాంక్లిన్ శతజయంతికి, 2020లో, బ్రిటిష్ టంకశాల ఏడు మూలల ఏబది పెన్నీల నాణెమును ముద్రించెను. దానిపై రాజ్యము మెచ్చిన బిరుదులు లేవు. నల్లని చుక్కలు వాలుగా ఖండించుకొనుచున్న 51వ చిత్రమే అందలి బొమ్మ. రొట్టెల దుకాణమున నిచ్చెన నాణెమును సంపాదించిన బాలిక ఈ రెండవ దానిని గూర్చి విని, మరునాటి నుండి ఏబది పెన్నీల చిల్లరను గూడ త్రిప్పి చూచుట మొదలుపెట్టి యుండవచ్చును. కాని ఎంత వెదకినను అది ఆమెకు దొరకదు. ఆ నాణెమును వాడుకలోనికి విడువలేదు. సేకరించువారికి పెట్టెలలో పెట్టి అమ్మిరి.